చర్చి అంటే ఆదివారం ఒక్కటేనా?

పోయిన నెల ఈ శీర్షికలో మా పల్లె చర్చి గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు సంతోషించారు, కొందరు నిలదీశారు, కొందరు ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని సంగతులు నాకు రాశారు. అన్నిటికీ జవాబు రాసేంత చోటు లేదు కాబట్టి ఏడు ఉత్తరాలు తీసుకున్నాను. పేర్లు తీసేశాను.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. మావారిది బాపట్ల దగ్గర పల్లెటూరు. అక్కడికి వెళ్తే ప్రైవసీ అనేదే ఉండదు. కాస్త జ్వరం వచ్చిందంటే చాలు, ప్రార్థన చేస్తామని పదిమంది వచ్చి కూర్చుంటారు. కొత్త ఫ్రిజ్ కొంటే కృతజ్ఞత కూడిక పెట్టమంటారు. ఎవరింట్లో చావైనా మా అత్తగారు పొయ్యి మీద కూర వదిలేసి వెళ్లిపోతారు. చర్చి అంటే ఆదివారం ఆరాధన వరకే కదండీ?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కాదమ్మా. మీ చిరాకు నాకు అర్థమైంది, జ్వరంతో పడుకున్న మనిషి చుట్టూ పదిమంది చేరితే ఎవరికైనా విసుగే. కానీ మా ఇంట్లో జరిగింది చెప్తాను, విన్నాక మీరే ఆలోచించుకోండి.

మా నాన్న పోయింది 1987 ఆగస్టులో, రాత్రి పదకొండు దాటాక, జోరున వాన. నాన్న పోయారని ఎవరో వెళ్లి చెప్పగానే చర్చి గంట మోగింది. ఆరాధన గంట గబగబా కొడతారు, చావు గంట ఆగి ఆగి కొడతారు, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య మనిషి నాలుగు అడుగులు వేయొచ్చు. అరగంట తిరక్కుండానే లాంతర్లు పట్టుకుని జనం వచ్చేశారు. సంఘ పెద్ద ఒకాయన మా అన్న భుజం మీద చేయి వేసి, "నువ్వు మీ అమ్మ దగ్గర కూర్చో, మిగతావి మేం చూసుకుంటాం" అన్నాడు. తెల్లవారేసరికి ఐదుగురు యవ్వనస్తులు ఆ బురదలో సమాధి తవ్వేశారు. మూడు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఏ ఇంటి వంతు ఏ పూటో ఎవరు నిర్ణయించారో మాకు తెలియదు, క్యారియర్లో అన్నం, పప్పుచారు వేళకి వచ్చేవి. మూడో రోజు ఆదరణ కూడిక, అంటే ఇంటివాళ్లని ఓదార్చే ప్రార్థన, అయ్యాక మా అమ్మ మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

మా అమ్మ దగ్గర ఒక డాల్డా డబ్బా ఉండేది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. మాకు చాలని రోజున కూడా వేసేది, అప్పుడు పిడికిలి కాస్త చిన్నదయ్యేది, అంతే. ఆదివారం ఆ డబ్బా పట్టుకెళ్లి చర్చిలో బల్ల ముందున్న గంపలో పోసేది. ఆడవాళ్లందరూ అలాగే పోసేవాళ్లు. ఆరాధన అయ్యాక ఆ బియ్యం సోలతో కొలిచి, కొంత అయ్యగారి (పాదిరిగారి) జీతం కింద, కొంత సంఘంలో కష్టంలో ఉన్నవాళ్లకి. పిడికెడు బియ్యం అంటే మన పల్లె సంఘాల్లో తెలియనివాళ్లు ఉండరు. నాన్న పోయాక ఆరు వారాలు ఆ గంప మా గుమ్మం ముందుకొచ్చింది.

ఇంకొకటి. ఆ చర్చే సోమవారం నుంచి శుక్రవారం దాకా బడి. ఊళ్లో బడి ఉన్నా అంటరానివాళ్లని మన పిల్లల్ని బయట కూర్చోబెట్టే రోజుల్లో, ఊరి చివర మన పల్లెలో ఒకే గదిలో ఒకే పంతులుగారు, ఆదివారం ప్రసంగం చెప్పేదీ ఆయనే, సోమవారం ఎక్కాలు చెప్పేదీ ఆయనే. మా అమ్మ కూలి పని అయ్యాక రాత్రిపూట అక్కడికెళ్లి అక్షరాలు నేర్చుకుంది, కీర్తనల పుస్తకం సొంతంగా చదువుకోవాలని. ఆమెకి తన పుట్టినరోజు తెలియదు, కానీ ఆ పుస్తకంలో ఏ పాట పైన ఏ రాగం, ఏ తాళం అని రాసి ఉందో చూడకుండా చెప్పేది.

అందుకని మీ అత్తగారు కూర వదిలేసి వెళ్తే పొయ్యి మీరు కట్టేయండి. జ్వరంగా ఉన్నప్పుడు మాత్రం "ఇవాళ ఓపిక లేదండీ, రేపు సాయంత్రం రండి" అని నవ్వుతూ చెప్పండి. అలా చెప్పడం తప్పు కాదు, పల్లెవాళ్లు అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: నేను ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలో కొందరు మమ్మల్ని "గోధుమ రవ్వకీ పాలపొడికీ మతం మారినోళ్లు" అంటారు. గట్టిగా జవాబు చెప్పాలంటే నాకు చరిత్ర తెలియదు.
– ఒక విద్యార్థి

జవాబు: నాయనా, నువ్వు ఉన్న ఊళ్లోనే జవాబుంది.

1876 నుంచి 78 దాకా వచ్చింది ధాత కరువు. అంతకుముందు 1832-33లో గుంటూరు సీమని ఊడ్చేసిన దాన్ని డొక్కల కరువన్నారు, ఈ రెండోది కూడా అంత ఘోరమైనదే. అప్పుడు ఒంగోలులో క్లౌ దొర అని అమెరికన్ బాప్తిస్టు మిషనరీ ఉన్నాడు. మిషనరీ కాకముందు సర్వే పని నేర్చుకున్న మనిషి. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పనిని తనే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. గుర్తుపెట్టుకో, కాలువ తవ్వించి కూలి ఇచ్చాడు.

అసలు విషయం ఇది. ఆ పని, ఆ సాయం జరుగుతున్నంత కాలం, సుమారు పదిహేను నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇచ్చి సంఘంలో చేర్చుకోలేదు. తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని. వేలమంది అడిగారు, వద్దన్నాడు. కరువు సాయం ముగిశాక, ఇక ఇక్కడ ఇచ్చేదేమీ లేదని చెప్పాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గింజల కోసమే అయితే గింజలు ఆగిపోయాక ఎందుకొచ్చారు? ఈ ఒక్క ప్రశ్న నీ స్నేహితుల్ని అడుగు.

ఇంకా వెనక్కి వెళ్లు. ఆ ప్రాంతంలో మాదిగల్లో ఈ కదలిక మొదలుపెట్టింది దొర కాదు, యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మనిషి, తోళ్ల వ్యాపారం. యోగుల దగ్గర కూర్చుని దేవుడి కోసం వెతుక్కున్నవాడు. ఆయన బాప్తిస్మం తీసుకున్నది 1866లో, ధాత కరువుకి పదేళ్ల ముందు. ఊరూరా తిరిగి తనవాళ్లకి చెప్పింది ఆయనే. అలా చేరినవాళ్లు "చచ్చిన గొడ్డు మాంసం తినం, జాతరలో డప్పు కొట్టం, ఆదివారం పనికి రాం" అన్నారు. దాంతో ఊరి పెద్దలు నీళ్లు ఆపారు, పని ఆపారు. లాభం కోసం పోయినవాళ్లు ఉన్న కూలి పోగొట్టుకుంటారా?

తెలంగాణలో మెదక్ చర్చి చూశావా? పాస్నెట్ దొర అనే మిషనరీ 1914లో పని మొదలుపెడితే 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల గోపురం. కరువు రోజుల్లో పనికి అన్నం పెట్టి కట్టించారని ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రాళ్లు మోసినవాళ్లందరూ క్రైస్తవులు కాలేదు, అన్నం మాత్రం అందరూ తిన్నారు.

ఆకలికి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరని నేను చెప్పను, ఉండే ఉంటారు. ఆకలేసిన మనిషి అన్నం పెట్టిన చోటికి వెళ్లడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆ మనిషిని ఆకలితో ఉంచిన ఊరు సిగ్గుపడాలి. నువ్వు తల దించుకోకు.

ప్రశ్న: మా ఊళ్లో రెండు చర్చీలు. ఒకటి మాలపల్లెలో, ఒకటి మాదిగపల్లెలో. నేను అవతలి చర్చి అమ్మాయిని ఇష్టపడ్డాను. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఇద్దరం చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో పెరిగినవాళ్లమే. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. మా అయ్యగారు కూడా "పెద్దల మాట విను" అంటున్నారు.
– పల్నాడు జిల్లా నుంచి ఒక యువకుడు

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు బాధ కన్నా కోపం ఎక్కువ వచ్చింది. మీ మీద కాదు.

ఈ రెండు చర్చీలు ఎలా వచ్చాయో మీకు తెలిసే ఉంటుంది. గుంటూరు వైపు లూథరన్ మిషన్లో మాలలు ఎక్కువ చేరారు, ఒంగోలు వైపు బాప్తిస్టుల్లో మాదిగలు ఎక్కువ. ఫిరంగిపురం లాంటి చోట్ల కతోలికుల్లో రెడ్లు, కమ్మవారు ఉన్నారు. మిషన్ల పేర్లు మారినా వీధులు మారలేదు. పెళ్లి ప్రకటనల్లో "క్రిస్టియన్" అన్న మాట పక్కనే కులం పేరు వేసుకుంటున్నాం. చర్చిలో ఒకే ప్రభువు బల్లలో రొట్టె తిని, ఒకే గిన్నెలో తాగి, బయటికొచ్చాక పిల్లనివ్వం అనడం తప్పు. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

గుర్రం జాషువా గారిని తలుచుకోండి. 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రి యాదవ, తల్లి మాదిగ, అంటే ఆయన తల్లిదండ్రులది మీరు చేసుకోవాలనుకుంటున్నలాంటి పెళ్లే, అదీ నూట ముప్పై ఏళ్ల కిందట. ఆ పెళ్లికి పుట్టిన బిడ్డ గుంటూరు లూథరన్ చర్చి ఉపాధ్యాయ శిక్షణాలయంలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు, తెలుగు పద్యాన్ని తలెత్తుకునేలా చేశాడు.

మీ అయ్యగారికి ఇంకో సంగతి గుర్తుచేయండి. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు తమ పట్టుదలలు పక్కనపెట్టి ఒక్కటై దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. దాని కోసం జీవితాంతం తాపత్రయపడిన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు ఆ రోజు చూడకుండానే 1945లో పోయారు. బిషప్ ఉండాలా వద్దా అని తరాల తరబడి వాదించుకున్నవాళ్లు కలిసిపోగలిగినప్పుడు, ఒక ఊళ్లో రెండు వీధులు ఎందుకు కలవలేవు?

మీరిద్దరూ పెద్దవాళ్లు, చట్టం మీ వైపు ఉంది. అయినా ముందు రెండు సంఘాల్లోనూ మీ మాట నమ్మే పెద్దలు ఒక్కొక్కరిని వెతకండి, ఆడవాళ్లయితే మరీ మంచిది. ఇలాంటి పెళ్లిళ్లలో స్త్రీల సమాజంలో ఒక్క పెద్దావిడ నిలబడితే మగవాళ్ల నోళ్లు తగ్గడం నేను రెండుసార్లు చూశాను. ఆర్నెల్లు ఓపిక పట్టండి. అంతకన్నా వద్దు.

ప్రశ్న: మాది ఏ మిషన్‌కీ చెందని ఇండిపెండెంట్ చర్చి. అక్కడే పెళ్లి చేసుకున్నాం. ఇప్పుడు వీసా కోసం ఆ సర్టిఫికెట్ ఇస్తే చెల్లదన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మా పెళ్లి పెళ్లి కాదా?
– ఒక దంపతులు, విజయవాడ

జవాబు: టెన్షన్ పడకండి, దారి ఉంది. 1872 నాటి ఇండియన్ క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ ప్రకారం పెళ్లి చేసే పాదిరిగారు తన సంఘం నియమాల ప్రకారం బిషప్ చేత అభిషేకం పొందినవారైనా అయి ఉండాలి, లేదా ప్రభుత్వం ఇచ్చిన లైసెన్స్ అయినా ఉండాలి. చాలామంది ఇండిపెండెంట్ పాస్టర్లకి ఆ లైసెన్స్ ఉండదు. మీ పాస్టరుగారికి ఉందో లేదో ముందు అడగండి. ఉంటే ఆ నంబరుతో సర్టిఫికెట్ సరిచేయించుకోవచ్చు. లేకపోతే 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద, జరిగిపోయిన పెళ్లిని కూడా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ముప్పై రోజుల నోటీసు ఉంటుంది, ముగ్గురు సాక్షులు కావాలి. వీసా తేదీ చూసుకుని వెంటనే మొదలుపెట్టండి.

పెళ్లి కుదుర్చుకుంటున్న తల్లిదండ్రులకి కూడా చెప్తున్నాను. ఫంక్షన్ హాలు బుక్ చేసే ముందు పాస్టరుగారి లైసెన్స్ అడగండి. అది అవమానం కాదు.

ప్రశ్న: మా పాస్టరుగారు దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక) లెక్కలు చెప్పరు. అడిగితే "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అంటారు. అడిగినవాళ్లని సంఘంలో వేరుగా చూస్తున్నారు.
– ఒక సంఘ సభ్యుడు, ఖమ్మం జిల్లా

జవాబు: అడగండి. అడుగుతూనే ఉండండి.

అపొస్తలుడైన పౌలు యెరూషలేములోని పేదల కోసం డబ్బు పోగుచేసినప్పుడు ఒక్కడే పట్టుకెళ్లలేదు, సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు. ఎవరూ వేలెత్తి చూపకుండా, దేవుడి ముందే కాదు మనుషుల ముందు కూడా సరిగ్గా ఉండాలని జాగ్రత్తపడుతున్నాం అని కొరింథీయుల రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది, 20, 21 వచనాలు. పౌలు గారికి లేని మినహాయింపు ఇంకెవరికీ లేదు.

మా చిన్నప్పుడు ప్రతి ఆదివారం ప్రకటనల్లో కోశాధికారి లేచి పోయిన వారం కానుక రూపాయి పైసలతో సహా చదివేవాడు. కోత పండుగకి తెచ్చిన గుమ్మడికాయ వేలంలో ఎంతకి పోయిందో కూడా చదివేవాడు. పిల్లలం నవ్వుకునేవాళ్లం కానీ అనుమానం అనే మాట ఆ గోడల మధ్య వినపడలేదు. మీరు అడగాల్సినవి పెద్దవేం కాదు: ఒక రిజిస్టరు, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, మూడు నెలలకోసారి అందరి ముందు లెక్క.

అన్నిటికన్నా ముందు స్థలం ఎవరి పేరున ఉందో చూడండి. చాలామంది ఆలోచించని విషయం ఇది. అందరూ చందాలేసి కొన్న స్థలం పాస్టరుగారి సొంత పేరున రిజిస్టరై ఉంటే, ఆయన తర్వాత అది చట్టప్రకారం ఆయన వారసులకి పోతుంది. ఆయన ఎంత మంచివారైనా సరే. సంఘాన్ని సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ చేయించి, దస్తావేజు దాని పేరు మీదకి మార్పించండి. మంచి కాపరి అయితే ఆయనే ముందుకొస్తారు.

ప్రశ్న: మేం హిందువులం. మా ఇంటి పక్కన ప్రార్థన మందిరం ఉంది. మనుషులు మంచివాళ్లే, కానీ రాత్రి ప్రార్థనలప్పుడు మైకు వల్ల మా అమ్మాయి చదువుకోలేకపోతోంది. చెప్తే గొడవ అవుతుందేమోనని భయం.
– ఒక గృహిణి, రాజమండ్రి

జవాబు: గొడవ అవ్వదమ్మా, వెళ్లి చెప్పండి. పాస్టరుగారి భార్యకి చెప్పండి, అమ్మగారు అంటారు ఆమెని. పరీక్షల తేదీలు కాగితం మీద రాసి ఇవ్వండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయటికి మైకు పెట్టకూడదన్నది ఏ మతానికైనా ఒకటే నిబంధన. పక్కింటి పిల్ల పరీక్ష కోసం మైకు ఆపి, అదే పిల్ల కోసం ప్రార్థన చేసిన సంఘాన్ని నేనెరుగుదును. మీ పక్కవాళ్లూ అలాంటివాళ్లే అయ్యుంటారు.

ప్రశ్న: నాకు 72 ఏళ్లు. మాది సత్తెనపల్లి దగ్గర పాత లూథరన్ చర్చి. ఒకప్పుడు కూర్చోడానికి చాప దొరికేది కాదు, ఇప్పుడు పద్నాలుగు మందిమి. కొందరు పట్నం పోయారు, కొందరు కొత్త ప్రార్థన మందిరాలకి పోయారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి అక్కడి తెలుగు సంఘం ఆరాధన ఫోన్లో చూడమంటాడు. ఈ చర్చిని వదిలేయనా?
– ఒక పెద్దావిడ

జవాబు: వదలకండి అక్కా.

కొత్త మందిరాలకి వెళ్లినవాళ్ల మీద కోపం పెట్టుకోకండి. అక్కడ కన్నీళ్లకి చోటుంది, ఇంటికొచ్చి పలకరించే మనిషి ఉన్నాడు, మన పాత సంఘాల్లో ఎన్నికలూ కోర్టు కేసులూ పెరిగి ఆ పలకరింపు తగ్గింది. తప్పు మన దగ్గరా ఉంది. మీ అబ్బాయి మీదా కోపం వద్దు. పరాయి దేశంలో ఆదివారం పూట తెలుగులో పాడుకుని, ఆవకాయన్నం కలిసి తినే చోటు వాళ్లకీ కావాలి. కానీ మీరు మంచం పడితే డాలస్ సంఘం వచ్చి మంచినీళ్లివ్వలేదు. ఆ పద్నాలుగు మందే రావాలి, వాళ్లలో ఒకరికి బాలేకపోతే మీరు వెళ్లాలి. ఫోన్లో ఆరాధన చూడండి, చూశాక మీ చర్చికి నడవండి.

మీ అబ్బాయి డబ్బు పంపిస్తానంటే కొత్త ఆర్చికో పాలరాతికో వద్దని చెప్పండి. మూడు పనులు ముందు చేయించండి. సమాధుల తోటకి హద్దులు కొలిపించి కంచె వేయించండి, పట్టించుకునేవాళ్లు తగ్గిన తోటని రెండు పక్కల నుంచీ దున్నేస్తారు. గంట కొట్టే ఆయన తర్వాత ఎవరు కొడతారో తేల్చి, పదేళ్ల పిల్లాడికైనా ఆ తాడు అలవాటు చేయండి.

మూడోది, మీ చర్చి బీరువాలో పాత బాప్తిస్మం రిజిస్టర్లు ఉంటాయి. ప్రభుత్వ పుస్తకాల్లో ఎక్కడా లేని మన అమ్మల, అమ్మమ్మల పేర్లు, పుట్టిన తేదీలు వాటిలోనే ఉన్నాయి. చెదలు పట్టకముందే ఎవరైనా కుర్రాడి చేత పేజీ పేజీకీ ఫోటో తీయించండి. ఆ పని అయ్యాక నాకో కార్డు రాయండి, నేనే వస్తాను. మా అమ్మ పుట్టింది మీ పక్క ఊళ్లోనే. ఆమె పేరు మరియమ్మ, తండ్రి పేరు యోహాను, 1930 ప్రాంతం అయ్యుండొచ్చు.